అటకకు ఇన్సులేషన్: అపోహలు - వాస్తవాలు

పైకప్పుకూ సీలింగుకూ మధ్యనున్న అటకలోకి పని మీద ఎక్కిన ప్రతిసారీ నేను మొదట వెతికేది సీలింగులోని సందులను. ఇన్సులేషన్ (వేడి దాటకుండా పరిచే పొర) మందాన్ని కొలవడం ఆ తరువాతే.

అపోహ: ఎంత మందంగా పరిస్తే అంత మేలు.

వాస్తవం: మందం అవసరమే, కానీ ఉష్ణ నిరోధాన్ని రెట్టింపు చేస్తే దాని గుండా ప్రసరించే వేడి సగమవుతుంది, మళ్లీ రెట్టింపు చేస్తే ఆ మిగిలిన దానిలో సగమే తగ్గుతుంది కనుక, మొదటి పొర చేసినంత మేలు తరువాతి పొరలు చేయవు. గ్లాస్ వూల్ (గాజు పీచు) వంటి పీచు పదార్థాలు తమలో కదలక నిలిచిన గాలి వల్లనే పనిచేస్తాయి. తమ గుండా దూసుకుపోయే గాలిని అవి ఆపలేవు. చలికాలంలో ఇంట్లోని వెచ్చని గాలి పైకి లేచి, వైర్లు, పైపులు దిగే రంధ్రాల గుండా, అటక తలుపు అంచుల గుండా జారిపోతుంది. దానితో వెళ్లిన తేమ చల్లని చెక్కపై నీటి బిందువులుగా మారి కుళ్లుకు దారితీస్తుంది. పాత గ్లాస్ వూల్‌పై కనిపించే నల్లని మరకలను చూడగానే బూజు అనుకుంటారు గానీ, చాలాసార్లు అది ఆ పీచు వడకట్టి పట్టుకున్న ధూళే, దాని కిందే సందు దొరుకుతుంది. ముందు ఆ సందులను మూయించండి, ఆపైనే పొర పరిపించండి.

అపోహ: ఇది చలి ప్రాంతాలకే.

వాస్తవం: ఎండకు అటకలోని వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటగలదు. ఆ వేడి గదుల్లోకి దిగకుండా ఆపేదీ ఇదే పొర.

అపోహ: సందులన్నీ మూయాలంటే చూరు కింది గాలి మార్గాలనూ మూయాలి.

వాస్తవం: గాలి ఆడేలా కట్టిన అటకలో ఆ మార్గాలే తేమను బయటికి పంపుతాయి. ఇన్సులేషన్‌ను వాటిలోకి కుక్కకూడదు. అసలు ఎక్కడ కుక్కినా అందులోని గాలి తగ్గి, నిరోధమూ తగ్గుతుంది.

అపోహ: ఈ పని ఎవరైనా చేసుకోవచ్చు.

వాస్తవం: పొర పరవడం కష్టం కాదు, ఎక్కడ పరవకుండా విడవాలో తెలియడమే కష్టం. పొగ గొట్టం చుట్టూ ఉన్న సందును మండని పదార్థాలతోనే మూయాలి. ఇన్సులేషన్‌కు ఆనించడానికి అనువుగా తయారుకాని సీలింగ్ దీపాలను కప్పితే అవి వేడెక్కి నిప్పు పుట్టించగలవు. గులకరాళ్లలా మెరిసే పాత వెర్మిక్యులైట్ (ఇన్సులేషన్‌గా పోసే ఒక ఖనిజం) కనిపిస్తే మాత్రం, అందులో ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఖనిజ పీచు) ఉండే అవకాశం ఉంది కనుక, నిపుణులు పరీక్షించే వరకు దానిని కదిలించకుండా కిందికి దిగిరండి.