పదిహేను వేల డాలర్లతో మొదలైన జేసన్ బ్లమ్ లెక్క

భయపెట్టే మర బొమ్మ కథకు రెండో భాగంగా 2025 జూన్‌లో వచ్చిన ‘మేగన్ 2.0’ బోల్తా కొట్టడంతో, హారర్ నిర్మాత జేసన్ బ్లమ్ పనైపోయిందా అన్న చర్చ హాలీవుడ్‌లో లేచింది. ఆయన్ని ఇన్నేళ్లు నిలబెట్టింది తక్కువలో తీయడమే. ఆ అలవాటు ఎక్కడ పుట్టిందో చూస్తే, దెబ్బ ఎక్కడ తగిలిందో తెలుస్తుంది.

1990ల చివర్లో బ్లమ్ మిరామాక్స్ అనే సినిమా సంస్థలో, సినిమాలు కొనే పనిలో ఉండేవారు. ‘బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ ఆయన దాకా వచ్చింది, వద్దన్నారు. 1999లో అదే సినిమా ప్రపంచమంతా కలిపి 24 కోట్ల డాలర్లు దాటింది. 2000లో సొంత కంపెనీ పెట్టాక కూడా చాలా ఏళ్లు పెద్ద హిట్ లేదు.

అప్పుడు చేతికొచ్చింది ‘పారానార్మల్ యాక్టివిటీ’. దర్శకుడు ఒరెన్ పెలి శాన్ డియేగోలోని తన ఇంట్లోనే, వారం రోజుల్లో, దాదాపు 15 వేల డాలర్లతో చుట్టేసిన సినిమా. ఈసారి బ్లమ్ వదల్లేదు. డ్రీమ్‌వర్క్స్ స్టూడియో రీమేక్ చేస్తానంటే, ముందు ఉన్నది ఉన్నట్టు జనానికి వేసి చూడమన్నారు. ప్రివ్యూలో ప్రేక్షకులు మధ్యలోనే లేచిపోతుంటే, వాళ్లకు నచ్చలేదనుకున్నారు స్టూడియో వాళ్లు. తీరా చూస్తే భయం తట్టుకోలేక వెళ్తున్నారట! రీమేక్ మాట అటకెక్కింది. 2009లో పారామౌంట్ విడుదల చేస్తే 19 కోట్ల డాలర్లు వచ్చాయి.

అక్కడితో ఆగి ఉంటే అది లాటరీ. బ్లమ్ దాన్ని వ్యాపారం చేశారు. బడ్జెట్ సాధారణంగా 50 లక్షల డాలర్ల లోపే. దర్శకుడికీ నటులకూ యూనియన్ కనీస వేతనం, సినిమా ఆడితే వసూళ్లను బట్టి వాటా. దర్శకుడి ఎడిటింగ్‌లో వేలు పెట్టరు. కథ వీలైనంత వరకు ఒకే ఇంట్లో తిరగాలి. డైలాగ్ ఉంటే చిన్న పాత్రకైనా కూలి పెరుగుతుంది కనుక, హోటల్ సర్వర్ నోరు మెదపకుండా ప్లేటు పెట్టి పోతాడు. పిసినారితనమే, కానీ పనికొచ్చింది: 2017లో 45 లక్షలతో తీసిన ‘గెట్ అవుట్’కు 25 కోట్ల డాలర్లు, దాని దర్శకుడు జోర్డన్ పీల్‌కు స్క్రీన్‌ప్లే ఆస్కార్. మెలిక ఏమిటంటే, సినిమా పోతే నటుడికి మిగిలేది ఆ కనీస వేతనమే. నష్టంలో కొంత వాళ్ల నెత్తిన కూడా పడుతుందన్నమాట.

క్రమంగా ఖర్చు పెరిగింది. మొదటి ‘మేగన్’కు కోటీ 20 లక్షల డాలర్లు పెడితే దాదాపు 18 కోట్లు వచ్చాయి. రెండో దానికి బడ్జెట్ రెట్టింపైంది. భయపెట్టిన బొమ్మను యాక్షన్ హీరోయిన్‌ని చేశారు. 4 కోట్లు కూడా దాటలేదు. ఎలాంటి కథలో దింపినా జనం ఆ బొమ్మ కోసం వస్తారనుకున్నామని బ్లమ్ తర్వాత ఒప్పుకున్నారు.