కారట్ మీటర్ కోబాన్‌కి పనికొస్తుందా? జపాన్ పాత లోహాల పరీక్షపై అపోహలు - వాస్తవాలు

"గన్ ఆనించి నొక్కితే ఎంత బంగారమో తేలిపోతుంది కదా!"

కొంప ముంచే అపోహ ఇదే. ఈ గన్ ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరికరం, అంటే లోహం మీద ఎక్స్-కిరణాలు పడేసి, తిరిగొచ్చే కిరణాలను బట్టి అందులో ఏయే మూలకాలున్నాయో చెప్పేది. నగల షాపులోని కారట్ మీటరూ అదే. కొత్త బంగారు గాజుకు పైనా లోపలా ఒకటే లోహం కాబట్టి అది సరిపోతుంది. జపాన్‌లో ఎడో కాలపు (17-19 శతాబ్దాల) బంగారు నాణెం కోబాన్ సంగతి వేరు. 1837 నాటి టెంపో కోబాన్‌లో బంగారం సుమారు 57 శాతమే, మిగతాది దాదాపు వెండే. ఆ పాళ్లకు పాలిపోయి కనిపించాలి, కానీ పచ్చగా మెరుస్తుంది. ఎందుకంటే ఉప్పు, సురేకారం, అన్నభేది లాంటివి పూసి నిప్పుల మీద కాల్చి కడిగేవాళ్లు. పైపొరలో వెండి పోయి బంగారం మిగిలేది. దీన్నే ఇరోత్సుకే అంటారు.

ప్రతి మూలకం తనకే ప్రత్యేకమైన శక్తి గల ఎక్స్-కిరణాలు ఇస్తుంది, ఆ శక్తిని కెఈవీల్లో కొలుస్తారు. బంగారం ఎల్-ఆల్ఫా కిరణాలు (9.7 కెఈవీ) కొన్ని మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతుల) లోతు నుంచే బయటికొస్తాయి. గన్ అంకె తప్పు కాదు, కాకపోతే అది పైపొర అంకె. దాన్ని పట్టుకుని "నకిలీ" అనేయడమే తప్పు.

పొర ఉందో లేదో తేలాలంటే వెండి ఇచ్చే రెండు కిరణాలు, లోతు నుంచీ రాగల కె-ఆల్ఫా (22.2 కెఈవీ), పైపొర నుంచే వచ్చే ఎల్-ఆల్ఫా (2.98 కెఈవీ) గీతల నిష్పత్తిని (మొదటిదాన్ని రెండోదానితో భాగించి) అవే పాళ్ల ఏకరీతి ప్రామాణిక ముక్కతో పోల్చాలి. కోబాన్‌లో నిష్పత్తి ఎక్కువొస్తే పైన వెండి తక్కువని అర్థం. రెండు చిక్కులున్నాయి. గాలిలోని ఆర్గాన్ గీత 2.96 దగ్గరే పడుతుంది, కాబట్టి గాలికి బదులు హీలియం వాయువు పెట్టాలి. నాణెం మీది అడ్డగీట్ల నీడ కూడా ఎల్ గీతను తగ్గిస్తుంది. 90 డిగ్రీలు తిప్పి మళ్లీ తీయండి. నిష్పత్తి మారితే గీట్ల ప్రభావం కలిసినట్టే. అరిగిన మిట్టల మీద వెండి పెరుగుతోందా అన్నదీ చూడండి. ఇంకా లోతుకు పోవాలంటే మ్యూవాన్లే (ఎలక్ట్రాన్ లాంటివే కానీ బరువైన కణాలు) దారి. వాటి వేగం మారిస్తే అవి ఆగే లోతు మారుతుంది.

"తోమి తెస్తే రీడింగ్ బాగా వస్తుంది."

దయచేసి వద్దు. షకుదో అనే మిశ్రలోహంతో చేసిన త్సుబాలో (కత్తి పిడి దగ్గరి రక్షణ పలకలో) రాగికి కొద్ది శాతం బంగారం కలుపుతారు. మైక్రాన్ల మందం నల్లపొరే దాని అందం, ఇత్తడి పాలిష్‌తో రుద్దితే పోతుంది. ఇప్పటికే తోమేసినవాళ్లు కంగారుపడి మళ్లీ రంగు వేయించకండి, ఉన్నది ఉన్నట్టే తెండి. కత్తి నకాగో (పిడి లోపల ఉండే భాగం) తుప్పునూ ముట్టుకోవద్దు.

"కత్తి తమహగానే (జపాన్ సంప్రదాయ ఉక్కు) అవునో కాదో గన్ చెబుతుంది."

చెప్పదు. కార్బన్ దానికి కనిపించదు. న్యూట్రాన్ డిఫ్రాక్షన్‌లో (న్యూట్రాన్లు లోహం లోపలికి వెళ్లి చెదిరే తీరును కొలిచే పద్ధతిలో) సిమెంటైట్ (ఇనుము-కార్బన్ సమ్మేళనం) పాళ్లను బట్టి కార్బన్ అంచనా కడతారు. ముందు నూనె తుడిచి, ఒరలోంచి తీయాలి, రెంటిలోని హైడ్రోజన్ న్యూట్రాన్లను చెదరగొడుతుంది.

"న్యూట్రాన్లు తగిలితే వస్తువు రేడియోధార్మికం అయిపోతుంది."

కొంత అవుతుంది. బంగారు పొదుగుడుకైతే అర్ధాయువు (రేడియోధార్మికత సగానికి తగ్గే సమయం) 2.7 రోజులే. వెండిలో పుట్టే ఒక ఐసోటోపుకు 250 రోజులు, కాబట్టి వెండి ఎక్కువున్న వస్తువుకు న్యూట్రాన్ బీమ్‌లో ఉంచే సమయం ముందే లెక్కగట్టాలి.