అరికాలి గుండా వచ్చే అతిథి

పందొమ్మిదో శతాబ్దం చివర్లో కైరోలో ఆర్థర్ లూస్ అనే జర్మన్ శాస్త్రవేత్త, మనిషి పేగుల్లో బతికే కొంకి పురుగు (హుక్‌వార్మ్) పిల్లలున్న నీటిని గినీ పిగ్‌ల నోట్లో పోస్తుండగా ఒక చుక్క జారి తన చేతి మీద పడింది. కాసేపటికి అక్కడ ఎర్రబడి మంట పుట్టింది. కొన్ని వారాలకు ఆయన మలంలోనే ఆ పురుగు గుడ్లు కనిపించాయి! నోటి గుండానే వస్తుందనుకున్నది చర్మం గుండా కూడా వస్తుందని అలా తెలిసింది.

మిల్లీమీటరు పొడవైనా లేని ఆ పిల్ల చర్మాన్ని ఎలా దాటుతుంది? మటన్ త్వరగా మెత్తబడాలని మనం పచ్చి బొప్పాయి ముక్క వేస్తాం. అందులోని ఎంజైమ్ మాంసంలోని ప్రోటీన్లను తెంపుతుంది. పురుగు పిల్లది కూడా దాదాపు అదే ఉపాయం. తడి మట్టిలో కాచుకుని ఉండి, ఉత్త కాలు తగలగానే కదులుతుంది, ఎంజైమ్‌లు వదులుతూ చర్మంలోకి దూరుతుంది. అక్కణ్నుంచి రక్తంలో పడి ఊపిరితిత్తులకు, గొంతుకు, చివరికి చిన్నపేగుకు చేరుతుంది. అక్కడ స్థిరపడి రక్తం తాగుతుంది. రక్తహీనత మొదలయ్యేది అక్కడే.

మరి ఆ ఎంజైమ్‌నే అడ్డుకుంటే? కుక్కల్లోని కొంకి పురుగు పిల్లలు వదిలే ఎంటీపీ-1 అనే ఎంజైమ్ మీద ఈ పని జరిగింది. దానికి వ్యతిరేకంగా తయారైన యాంటీబాడీలు కలిపితే, ల్యాబులో పురుగు పిల్లలు కణజాలాన్ని దాటడం తగ్గింది.

కాగితం మీద బాగానే ఉంది. కానీ పిల్ల పురుగు చొరబడేటప్పుడు వదిలే మరో ప్రోటీన్, ఏఎస్‌పీ-2తో (ఇది ఎంజైమ్ కాదు) చేసిన టీకాకు బ్రెజిల్‌లో గట్టి దెబ్బ తగిలింది. ఆ పురుగును అంతకుముందే ఎరిగిన కొందరికి ఒక్క డోసుకే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. వాళ్ల శరీరంలో ఆ ప్రోటీన్‌కు అలర్జీ యాంటీబాడీలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. టీకా అవసరం ఎవరికి ఎక్కువో వాళ్లకే అది పడలేదు. ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇదే.

దాంతో కొంతమంది చూపు గుమ్మం నుంచి వంటింటికి, అంటే పురుగు పొట్టకు మళ్లింది. తాగిన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ముక్కలు చేసే ఏపీఆర్-1 అనే ఎంజైమ్ అక్కడ ఉంటుంది. టీకా వేసుకున్న మనిషి రక్తంతో పాటు యాంటీబాడీలనూ పురుగే తాగుతుంది, అవి వెళ్లి ఆ ఎంజైమ్‌ను పట్టుకుంటాయి. తాగింది అరక్క పురుగు నీరసిస్తుందన్నది ఆశ. టీకా కోసం ఆ ఎంజైమ్‌ను కోత పెట్టలేకుండా మార్చి వాడారు. మనుషుల్లో తొలి దశ పరీక్షలు జరిగాయి.

గొర్రెల్లో ఈ లెక్క ఇప్పటికే పనిచేస్తోంది. రక్తం తాగే మరో పురుగుకు దాని పేగుల్లోని ఎంజైమ్‌లతో చేసిన బార్బర్‌వాక్స్ టీకా 2014లో ఆస్ట్రేలియాలో మార్కెట్లోకి వచ్చింది.

మన దగ్గర ఏటా నులిపురుగుల నివారణ దినం నాడు బళ్లలో పిల్లలకు అల్బెండజోల్ మాత్ర నమిలిస్తారు. పురుగులు పోతాయి, కానీ ఉత్త కాళ్లతో మళ్లీ బురదలోకి దిగితే మళ్లీ రావచ్చు. టీకా కోసం ఇంత తంటా అందుకే. అయితే పురుగు పొట్టలోని ఎంజైమ్ మన శరీరానికి మామూలుగా కనబడదు. అలర్జీ భయం తగ్గేది అందువల్లే. కానీ పురుగు సోకినప్పుడల్లా రక్షణ దానంతటదే పెరగదు కూడా. గొర్రెలకు సీజనంతా సుమారు ఆరు వారాలకోసారి సూది వేయాల్సి వస్తోంది.