మంత్రసాని తలుపెందుకు వేసింది?

ఇంట్లో ఐదు నిమిషాలకోసారి గట్టిగా వస్తున్న నొప్పులు, ఆటో దిగి ఆసుపత్రి మెట్లెక్కేసరికి మాయమైపోతాయి. "దొంగ నొప్పులమ్మా, ఇంటికెళ్లండి" అంటారు. చాలాసార్లు అవి దొంగ నొప్పులే. అన్నిసార్లూ కాదు. ఒక్కోసారి నిజం నొప్పులే భయానికి సన్నగిల్లుతాయి.

కాన్పును నడిపించే హార్మోను ఆక్సిటోసిన్. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దాన్ని రక్తంలోకి వదులుతుంది. ఆ గ్రంథి రసం తగిలితే గర్భసంచి ముడుచుకుంటుందని 1906లో ఇంగ్లండు శాస్త్రవేత్త హెన్రీ డేల్ పిల్లుల మీద గమనించాడు. 1953లో అమెరికా రసాయన శాస్త్రవేత్త డు విగ్నో ఆక్సిటోసిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసి, రెండేళ్లకు నోబెల్ అందుకున్నాడు. లేబర్ రూములో సెలైన్‌లో కలిపి ఎక్కించే, నొప్పులు తెప్పించే మందు ఇదే.

బిడ్డ తల గర్భాశయ ముఖద్వారాన్ని నొక్కితే మెదడుకు కబురెళ్తుంది. ఆక్సిటోసిన్ వస్తుంది, గర్భసంచి బిగుస్తుంది, తల ఇంకాస్త దిగి ఇంకా గట్టిగా నొక్కుతుంది. మన ఒంట్లో ఏదైనా మోతాదు మించితే తగ్గించే ఏర్పాట్లే ఎక్కువ. ఇక్కడ మాత్రం బిడ్డ బయటపడేదాకా నొప్పే నొప్పిని పిలుస్తుంది.

ఈ వరసకు అడ్డుపడేది భయం. బెదిరినప్పుడు ఊరే అడ్రినలిన్ అనే హార్మోను గర్భసంచి కండరాన్ని సడలిస్తుంది. ఈనుతున్న ఎలుకలను కదిలించి చూసిన ప్రయోగాల్లో ఈనడం ఆలస్యమైంది.

మా అమ్మ నన్ను పాతగుంటూరులో ఇంట్లోనే కన్నది. పొద్దుగూకేసరికి నొప్పులు బాగా అందుకున్నాయట. వీధిలోవాళ్లు చూడవచ్చి గది నిండేసరికి సన్నగిల్లాయట. "మంత్రసాని అందర్నీ బయటికి తోలి తలుపేసింది. దీపం తగ్గించింది. నన్ను పడుకోనిస్తేగా! నడిపిస్తూనే ఉంది. నొప్పొచ్చినప్పుడల్లా ఆవిడ మెడ పట్టుకుని వేలాడేదాన్ని" అంటుంది అమ్మ. ఆక్సిటోసిన్ పేరు ఆ మంత్రసాని విని ఉండదు. నిలబడి అటూఇటూ తిరిగితే కాన్పు తొలిదశ తగ్గుతుందనీ, నమ్మకమైన మనిషి పక్కనే ఉంటే సిజేరియన్లు తగ్గుతాయనీ పరిశోధనలు తర్వాత తేల్చాయి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 100 కాన్పుల్లో 42 సిజేరియన్లు. తోడు మనిషిని గేటు బయట కూర్చోబెట్టే ఆసుపత్రులు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

అలాగని ఇంట్లోనే కనమంటే నేనొప్పుకోను. అసలు గండం బిడ్డ పుట్టాక ఉంది. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైగా నెత్తురు పారుతుంది. మాయ ఊడిపోయాక అక్కడ తెరుచుకున్న రక్తనాళాలను మూసేది గర్భసంచి కండరమే. అడ్డదిడ్డంగా అల్లుకున్న దాని పోగులు బిగిసి, మధ్యలో ఉన్న నాళాలను నొక్కేస్తాయి. బిగియలేదా, తల్లి నిమిషాల్లో ప్రమాదంలో పడుతుంది. మాయ పడ్డాక కూడా మంత్రసాని చాలాసేపు అమ్మ పొత్తికడుపు మీద చెయ్యి తియ్యకుండా రుద్దుతూనే ఉందట. గర్భసంచి గట్టిపడిందో లేదో ఆ చేతికి తెలుస్తుంది. మెత్తగానే ఉండిపోతే మాత్రం ఆవిడ దగ్గర వేరే మందు లేదు. ఆసుపత్రిలో బిడ్డ పుట్టిన వెంటనే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ సూది వేస్తారు. అదీ చాలకపోతే రక్తం, థియేటరు ఉంటాయి.

ఇంగ్లండులో ఏ చిక్కూ లేని 64 వేలమంది గర్భిణుల మీద చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. ఇంట్లో కన్నవాళ్లకు కూడా శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లే కాన్పు చేశారు. మలికాన్పు వాళ్లలో ఇంటికీ ఆసుపత్రికీ బిడ్డ క్షేమంలో తేడా కనబడలేదు. తొలిచూలు వాళ్లలో మాత్రం బిడ్డకు తీవ్రమైన ఇబ్బందులు ఆసుపత్రిలో 1000కి 5 అయితే, ఇంట్లో 9. ఇంట్లో మొదలుపెట్టిన తొలిచూలు తల్లుల్లో 100కి 45 మందిని కాన్పు మధ్యలోనో, అయ్యాకో ఆసుపత్రికి తరలించారు. సాయంత్రం ఆరింటికి విజయవాడ బెంజి సర్కిల్ రద్దీ దాటే అంబులెన్సును తలుచుకుంటే ఆ 45 ఏమిటో అర్థమవుతుంది.

విజయవాడలోనో గుంటూరులోనో ఆసుపత్రి చూసుకునేటప్పుడు ఏసీ గది సంగతి తర్వాత. లేబర్ రూములోకి అమ్మనో అక్కనో రానిస్తారా, నొప్పుల్లో నడవనిస్తారా, అర్ధరాత్రి మత్తు డాక్టరు, రక్తం దొరుకుతాయా అని ఏడో నెలలోనే అడగండి.