స్పోకు బిగువును పక్కనుంచి కొలవడం

"సార్, తిప్పి చూస్తే రిమ్ము ఎటూ ఊగడం లేదు. బెండ్ లేదు కదా, మళ్ళీ స్పోకుల టెన్షన్ (బిగువు) కొలవడం ఎందుకు?" అని మా ఇంటర్ విద్యార్థి అడిగాడు. సొంతంగా చక్రం అల్లుకుని తెచ్చాడు. మంచి ప్రశ్న. ఎడమవైపు స్పోకు ఒకటి అతిగా లాగుతోందనుకోండి. కుడివైపు దాని పొరుగుది కూడా అంతే అతిగా లాగితే రిమ్ము మధ్యలోనే నిలుస్తుంది. కంటికి ఏ లోపమూ కనబడదు.

ఎడ్లబండి చక్రంలో బరువు కింది ఆకు (కర్ర స్పోకు) మీద నిలబడుతుంది. సైకిల్ స్పోకు సన్నని తీగ, తోస్తే వంగిపోతుంది. అందుకే ముందే లాగి బిగించి పెడతారు. 1808లో ఇంగ్లండ్‌కు చెందిన జార్జ్ కేలీ తన ఎగిరే యంత్రానికి తేలికైన చక్రాలు కావాలని ఈ ఊహ చేశాడు. మనిషి ఎక్కగానే నేలవైపున్న కొద్ది స్పోకుల బిగువు తగ్గుతుంది. అది సున్నాకు పడిపోకూడదు. వదులుగా ఉన్న స్పోకు చుట్టుచుట్టుకీ సడలుతూ బిగుస్తూ, చివరికి హబ్బు దగ్గరి వంపులో విరుగుతుంది.

బిగించిన స్పోకును కోసి మధ్యలో త్రాసు పెట్టలేం. మరి టెన్షన్ మీటరు (స్పోకు బిగువును కొలిచే చేతి పరికరం) ఏం చేస్తుంది? బట్టలారేసే దండేన్ని మధ్యలో వేలితో నొక్కి చూడండి. వదులుగా ఉంటే సాగుతుంది, బిగువుగా ఉంటే ఎదురు తిరుగుతుంది. మీటరు చేసేదీ అదే: రెండు మేకుల మధ్య స్పోకును ఆనించి, మూడో మేకుతో నడుమ నొక్కుతుంది.

మేకుల మధ్య దూరం 100 మి.మీ., టెన్షన్ 1000 న్యూటన్లు (సుమారు 102 కిలోల బరువు వేలాడదీసినంత) అనుకుందాం. మధ్యలో 1 మి.మీ. నెట్టాం. మేకు నుంచి మధ్యకు 50 మి.మీ. దూరంలో స్పోకు 1 మి.మీ. పక్కకు వాలింది కాబట్టి, టెన్షన్‌లో యాభయ్యో వంతు, అంటే 20 న్యూటన్లు, ఎదురు తోస్తుంది. రెండో సగం మరో 20. నాలుగు కిలోల తోపుతో నూరు కిలోల బిగువు బయటపడింది! బలాల విభజన పాఠాన్ని పుస్తకాలు వాలుతలం మీద చెక్కదిమ్మతో మొదలుపెడతాయి. నేను దండెంతోనే మొదలుపెడతాను, పిల్లలు మర్చిపోరు.

అయితే స్పోకు దారం కాదు, ఉక్కు కడ్డీ. టెన్షన్ అసలు లేకపోయినా వంగడానికి మొరాయిస్తుంది. 2 మి.మీ. స్పోకైతే ఆ మొరాయింపు ఇక్కడ 7.5 న్యూటన్లు, 1.8 అయితే 5, 1.5 అయితే 2.4. ఆ మొరాయింపు మందపు నాలుగో ఘాతంతో మారుతుంది కనుక ఇంత తేడా. మీటరుతో పాటు ప్రతి మందానికీ వేరే వరుస ఉన్న పట్టిక ఇచ్చేది ఇందుకే. 2 మి.మీ. స్పోకును కొలిచి 1.8 వరుస చదివితే టెన్షన్ 6 శాతం ఎక్కువ చూపిస్తుంది. నడుమ సన్నగా ఉండే స్పోకులకు ఆ సన్నని చోటి మందమే లెక్క.

చెవితో చెప్పలేమా అంటే, సగం చెప్పగలం. మీటితే వచ్చే శ్రుతి టెన్షన్ వర్గమూలంతో పెరుగుతుంది. ఒక స్వరస్థానం తేడా వినిపిస్తే టెన్షన్‌లో దాదాపు 12 శాతం తేడా ఉన్నట్టు. సమానంగా ఉన్నాయో లేదో చెవి పట్టేస్తుంది, ఎంత ఉందో మీటరే చెప్పాలి. ఒకేవైపువాటినే పోల్చాలి: వెనక చక్రంలో గేర్ల వైపు స్పోకులు సాధారణంగా ఎక్కువ బిగువుగా ఉంటాయి.

మీటరు పిడిని మెల్లగా వదలాలి, టక్కున వదిలితే ఒకే స్పోకుకు రెండు వేర్వేరు అంకెలు వస్తాయి. నేను సుద్దముక్కతో రిమ్ము మీద ప్రతి స్పోకు పక్కనా అంకె రాస్తాను. ఆ వైపు సగటుకు 20 శాతం లోపల ఉంటే చాలు. ఎడమది ఒకటి, కుడివైపు దాని పొరుగుది రెండూ ఎక్కువ చూపిస్తే, రెండు నిపుల్స్‌నూ (స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్లు) పావు చుట్టు చొప్పున వదులు చేయాలి. రిమ్ము పక్కకు జరగదు, బిగువు దిగుతుంది. మా వాడి చక్రంలో అలాంటి జత ఒకటి దొరికింది, వాల్వు రంధ్రానికి మూడు స్పోకుల అవతల.