గెయిన్ వేరు, వాల్యూమ్ వేరు: ఎలక్ట్రిక్ గిటార్ టోన్ ఎక్కడ పుడుతుంది?

గిటార్ యాంప్ మీద గెయిన్ అని ఒక నాబ్, మాస్టర్ అని ఇంకో నాబ్ ఉంటాయి. ఏది తిప్పినా మోత పెరుగుతుంది కాబట్టి రెండూ ఒకే పని చేస్తున్నాయనిపిస్తుంది. టోన్ బాగాలేదని పికప్‌లు (తీగల కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగాలు) మార్చి, పెడళ్లు కొని, చివరికి గిటారే మార్చేసేవాళ్లలో చాలామందికి అసలు చిక్కు ఇక్కడే ఉంటుంది. గెయిన్ తరంగం ఆకారాన్ని మారుస్తుంది. ఆ మారిన తరంగం ఎంత గట్టిగా వినపడాలన్నది మాస్టర్ చూసుకుంటుంది. ఈ తేడా చేతికి పట్టుబడితే పదిహేను వాట్ల మామూలు యాంప్ నుంచి కూడా మంచి టోన్ రాబట్టవచ్చు.

సిగ్నల్ వెంట నడిస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. పికప్ నుంచి వచ్చే వోల్టేజి సుమారు 0.1 నుంచి 0.5 వోల్టు. హంబకర్ అనే రెండు చుట్టల పికప్ ఉన్న గిటార్‌ను గట్టిగా మీటితే ఇంకాస్త ఎక్కువ. ట్యూబ్ యాంప్‌లో ఇది మొదట 12ఏఎక్స్7 అనే చిన్న ట్యూబ్‌లోని ఒక ట్రయోడ్‌లోకి, అంటే సిగ్నల్‌ను పెంచే ఒక దశలోకి వెళ్తుంది. ఒక్కో ట్రయోడ్ దశ సిగ్నల్‌ను దాదాపు 50 రెట్లు పెంచుతుంది. అయితే సిగ్నల్ చేరే దాని గ్రిడ్ మీద సుమారు 1 నుంచి 1.5 వోల్టుల బయాస్ (ముందే పెట్టి ఉంచే స్థిర వోల్టేజి) ఉంటుంది. వచ్చే సిగ్నల్ ఆ హద్దు లోపల ఉన్నంతసేపూ తరంగం చెక్కుచెదరదు. హద్దు దాటిందంటే ట్యూబ్ ఇక అనుసరించలేక పైభాగాన్ని చదును చేసేస్తుంది. దీన్నే క్లిప్పింగ్ అంటాం. 0.2 వోల్టుల సిగ్నల్ మొదటి దశను మామూలుగా దాటిపోతుంది, కానీ బయటికి వచ్చేసరికి 10 వోల్టులవుతుంది. గెయిన్ నాబ్ ఉండేది సాధారణంగా ఇక్కడే, మొదటి దశకూ రెండో దశకూ మధ్య. ఆ పదిలో ఒక వోల్టును మాత్రమే వదిలితే రెండో దశ శుభ్రంగా పలుకుతుంది. అయిదు వోల్టులు వదిలితే తరంగం నలిగిపోతుంది. భాగం పరంగా చూస్తే గెయిన్ కూడా వాల్యూమ్ పాట్ (తిప్పితే రెసిస్టెన్స్ మారే భాగం) లాంటిదే. పని మారడానికి కారణం అది ఉన్న చోటు.

పాత యాంప్‌లకు ఈ సౌకర్యం లేదు. 1962లో లండన్‌లో ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్ ఆధారంగా తయారైన మార్షల్ జేటీఎం45లో ఒక్కో ఛానెల్‌కు ఒక్క వాల్యూమే. డిస్టార్షన్ (తరంగం నలిగి వచ్చే గరగర) కావాలంటే హాలు అదిరేలా పెంచడమే దారి. మార్షల్ యాంప్‌లలో 1975 నాటి 2203 మోడల్‌తో ప్రీయాంప్ (సిగ్నల్‌ను పెంచే ఈ ముందు దశలు) తర్వాత మాస్టర్ వాల్యూమ్ వచ్చింది. దాంతో తరంగాన్ని ముందు దశల్లో నలిపి, తర్వాత మోత తగ్గించుకోవడం వీలైంది.

ఇంతకీ తరంగం నలిగితే ఏమవుతుంది? శుద్ధమైన ఒక స్వరాన్ని క్లిప్ చేస్తే దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతల పౌనఃపున్యాలు కొత్తగా పుడతాయి. వీటినే అనుస్వరాలు (హార్మోనిక్స్) అంటాం. పైనా కిందా సమానంగా కోస్తే బేసి అనుస్వరాలు వస్తాయి, ఒకవైపే ఎక్కువ కోస్తే సరి అనుస్వరాలూ కలుస్తాయి. ఐదో తీగ ఓపెన్ 110 హెర్ట్జ్ అనుకుంటే 220, 330, 440, 550 హెర్ట్జ్‌లు బలపడతాయి. ఒక్క స్వరం వరకూ ఇది వినసొంపుగానే ఉంటుంది. రెండు స్వరాలు కలిసినప్పుడు మాత్రం వాటి కూడికలూ తీసివేతలూ కూడా పుడతాయి.

మూల స్వరం, దాని పంచమం మాత్రమే ఉండే పవర్ కోర్డ్ తీసుకోండి. ఐదో తీగ ఓపెన్ 110, నాలుగో తీగ రెండో ఫ్రెట్ 164.8 హెర్ట్జ్. తేడా 54.8, అంటే 110కి కచ్చితంగా ఒక ఆక్టేవ్ కింద ఉండాల్సిన 55కి ఆనుకుని ఉంటుంది. మీరు మీటని బాస్ స్వరాన్ని యాంప్ తనే పుట్టిస్తుందన్నమాట. రెండు తీగలతో అంత నిండుదనం రావడానికి కారణం ఇదే. ఇప్పుడు ఆరో తీగ ఐదో ఫ్రెట్ (110), ఐదో తీగ నాలుగో ఫ్రెట్ (138.6) కలిపి మేజర్ థర్డ్ వాయించండి. తేడా 28.6 హెర్ట్జ్, దేనికీ కలవని ఒక గుడగుడ. పైగా మొదటిదాని ఐదో అనుస్వరం 550, రెండోదాని నాలుగో అనుస్వరం 554.4. రెండూ సెకనుకు నాలుగు సార్లకు పైగా కొట్టుకుంటాయి. క్లీన్ సౌండ్‌లో ఆ అనుస్వరాలు బలహీనంగా ఉంటాయి కాబట్టి ఈ కొట్టుకోవడం పెద్దగా తెలియదు. డిస్టార్షన్ వాటిని పెంచి చూపిస్తుంది. ఎక్కువ గెయిన్‌తో నిండు మేజర్ కోర్డ్ వాయిస్తే బురదలా వినపడేది అందుకే. తప్పు వేళ్లదీ కాదు, ట్యూనింగ్‌దీ కాదు.

క్లిప్పింగ్‌తో వచ్చే రెండో మార్పు కంప్రెషన్, అంటే మోతలోని హెచ్చుతగ్గులు అణగడం. గట్టిగా మీటినా మెల్లగా మీటినా తరంగం అదే హద్దుకు తగులుతుంది కాబట్టి మోతలో తేడా తగ్గుతుంది, స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. ఒంటరిగా వాయించేటప్పుడు ఇది హాయిగా ఉంటుంది. బ్యాండ్‌లో మాత్రం మీటు తగిలిన ఆ మొదటి దెబ్బే గిటార్‌ను డ్రమ్స్ మధ్యలోంచి బయటికి తెస్తుంది. గెయిన్ ఎక్కువైతే మొదట పోయేది అదే.

కాబట్టి గెయిన్ పెట్టుకునే పద్ధతి ముఖ్యం. గిటార్ మీది వాల్యూమ్, టోన్ పూర్తిగా తెరవండి. యాంప్‌లో బాస్, మిడిల్, ట్రెబుల్ సగానికి పెట్టండి. మాస్టర్‌ను నిజంగా వాయించబోయే మోతకు తెచ్చి, గెయిన్‌ను సున్నా నుంచి పెంచుతూ ఓపెన్ ఇ మేజర్ గట్టిగా మీటుతూ ఉండండి. ఎక్కడో ఒకచోట గట్టి మీటుకు మాత్రమే గరగర మొదలవుతుంది. అది బ్రేకప్ అంచు, ఆ చోటు గుర్తుపెట్టుకోండి. రిథమ్‌కు కావాలంటే అక్కడి నుంచి ఇంకాస్త పెంచి, అదే కోర్డ్‌ను ఒక్కో తీగగా మీటుతూ అన్నిటినీ మోగనివ్వండి. మూడో తీగ మొదటి ఫ్రెట్ మీది జి షార్ప్ మిగతావాటి మధ్య విడిగా వినపడాలి. మునిగిపోతే గెయిన్ వెనక్కి తిప్పండి. తిప్పిన ప్రతిసారీ మాస్టర్ పెంచి మోతను సమం చేయడం మరవొద్దు. లేకపోతే రెండిట్లో గట్టిగా ఉన్నదే బాగుందని చెవి తీర్పు చెప్పేస్తుంది. గెయిన్ విషయంలో జరిగే తప్పుల్లో సగం ఈ ఒక్క కారణంతోనే జరుగుతాయి.

రికార్డుల్లో వినే భారీ గిటార్లకు చాలా గెయిన్ ఉంటుందనుకుంటాం. అక్కడ సాధారణంగా ఒకే భాగాన్ని రెండుసార్లు విడిగా వాయించి ఎడమన ఒకటి, కుడిన ఒకటి పెడతారు. రెండు టేకుల గరగరా కలిసి వినపడుతుంది కాబట్టి ఒక్కోదానికి తక్కువ గెయినే సరిపోతుంది.

గెయిన్ పెంచే కొద్దీ బాస్ తగ్గించాలి. కింది స్వరాల తరంగాలు పెద్దవి కాబట్టి అవే ముందు హద్దును తాకి, వాటి మీద స్వారీ చేస్తున్న పై స్వరాలను కూడా నలిపేస్తాయి. అందుకే బాస్‌ను డిస్టార్షన్‌కు ముందు కోసి, తర్వాత కావాలంటే కలుపుకోవాలి. ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ పెడల్ లోపల చేసేది సరిగ్గా ఇదే. దాంట్లో 4.7 కిలో ఓమ్ రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిసి సుమారు 720 హెర్ట్జ్ దగ్గర గీత గీస్తాయి. దానికి కిందివాటికి గెయిన్ తగ్గుతూ పోతుంది. ఇప్పటికే నలుగుతున్న యాంప్ ముందు ఈ పెడల్‌ను డ్రైవ్ దాదాపు సున్నాలో, లెవెల్ బాగా పైన పెట్టి వాడితే లావు తీగలు ఒక్కసారిగా బిగుతుగా పలుకుతాయి.

ఇక్కడే సోలో సమస్య కూడా తేలిపోతుంది. సోలో వచ్చిందని యాంప్ ముందున్న బూస్ట్ పెడల్ నొక్కితే, తరంగం అప్పటికే హద్దుకు తగులుతోంది కాబట్టి మోత పెరగదు, గరగర మాత్రమే పెరుగుతుంది. నొక్కాక గిటార్ ఇంకా వెనక్కి పోయినట్టు ఉంటుంది. మోత కావాలంటే అదే బూస్ట్‌ను యాంప్ వెనకున్న ఎఫెక్ట్స్ లూప్‌లో, అంటే ప్రీయాంప్ తర్వాత పెట్టాలి. స్పీకర్‌ను నడిపే చివరి దశ అయిన పవర్ యాంప్‌కు ఇంకా ఊపిరి మిగిలి ఉండాలన్నది ఒక్కటే షరతు.

ఇక మోత సంగతి. సెలెస్టియన్ వింటేజ్ 30 లాంటి గిటార్ స్పీకర్‌కు ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో 100 డెసిబెల్స్ వస్తుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కల ప్రకారం 85 డెసిబెల్స్‌ను రోజుకు 8 గంటలు వినవచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. అంటే ఒకే ఒక్క వాట్‌తో మీకున్న సమయం పదిహేను నిమిషాలు. పడకగదిలో వాయించే 70 డెసిబెల్స్‌కు కావలసింది వాట్‌లో వెయ్యో వంతు. నూరు వాట్ల యాంప్ అయినా, పదిహేను వాట్లదైనా ఆ గదిలో ఇచ్చేది ఒక మిల్లీవాటే. అక్కడ పవర్ ట్యూబులు కదలనట్టే, స్పీకర్ కోన్ కూడా కదలనట్టే. వినపడే డిస్టార్షనంతా ప్రీయాంప్‌దే. పైగా వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి మోత రెట్టింపైనట్టు తోచాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి. 50 వాట్లు తీసుకోవాలా, 100 తీసుకోవాలా అని ఆలోచించేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. ఎక్కువ వాట్ల వల్ల నిజమైన లాభం డ్రమ్మర్ పక్కన కూడా క్లీన్ సౌండ్ నలగకుండా ఉండటం.

చెవి కూడా మోతతో పాటు మారుతుంది. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లో ప్రచురించిన కొలతలు చెప్పేది ఇదే: మెల్లగా ఉన్నప్పుడు మన చెవి బాస్‌ను చాలా తక్కువగా పట్టుకుంటుంది, మోత పెరిగే కొద్దీ ఆ లోటు తగ్గుతుంది. అందుకే రాత్రి ఇంట్లో బాస్, ట్రెబుల్ పెంచి మిడిల్ తగ్గించి పెట్టుకున్న సెట్టింగ్ అద్భుతంగా ఉంటుంది. మర్నాడు బ్యాండ్‌తో అదే సెట్టింగ్ పెడితే బాస్ గిటార్‌లో ఒక సగం, సింబల్స్‌లో ఇంకో సగం మునిగిపోతుంది. గిటార్‌కు దక్కే చోటు మిడిలే. ఇంటి సెట్టింగ్, స్టేజి సెట్టింగ్ విడివిడిగా రాసి పెట్టుకోవడం తప్ప వేరే దారి లేదు.

పవర్ ట్యూబుల డిస్టార్షన్ తక్కువ మోతలో కావాలంటే యాంప్‌కూ స్పీకర్‌కూ మధ్య అటెన్యుయేటర్ (వాట్లను తగ్గించే పెట్టె) పెడతారు. 15 వాట్లను అర వాట్‌కు దించితే దాదాపు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. అప్పటికీ అది ఇరుగుపొరుగుకు వినపడే మోతే. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి పెట్టాయి. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు లోడ్ బాక్స్ (స్పీకర్‌కు బదులుగా యాంప్‌కు తగిలించే పెట్టె), హెడ్‌ఫోన్సే దిక్కు. ఒక్కటి గట్టిగా చెప్పాలి: ట్యూబ్ యాంప్‌ను స్పీకర్ గానీ లోడ్ గానీ తగిలించకుండా ఎప్పుడూ వాయించకూడదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి ఎగిసి లోపలే స్పార్క్ కొట్టి అది కాలిపోతుంది. స్పీకర్‌కు గిటార్ కేబుల్ వాడినా ప్రమాదమే, దాని లోపలి తీగ సన్నం. ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో 400 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు కాబట్టి తెలియకుండా మూత తీయొద్దు. అమెరికా నుంచి తెచ్చిన 120 వోల్టుల యాంప్‌ను స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230కి తగిలించొద్దు. హమ్ వస్తోందని మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్‌ను తీసేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

యాంప్ లేనప్పుడు డిస్టార్షన్ పెడల్‌ను నేరుగా మిక్సర్‌కు తగిలిస్తే ఈగ రొదలాంటి సౌండ్ వస్తుంది. కాలేజీ ఫెస్టుల్లో, చర్చిల్లో దీనికి పెడల్‌ను తిడుతుంటారు. పెడల్ చేసిన పాపం ఏమీ లేదు. పన్నెండంగుళాల గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక నిటారుగా పడిపోతుంది, క్లిప్పింగ్ పుట్టించిన పై గరుకునంతా అదే వడపోస్తుంది. సభల్లో వాడే పీఏ స్పీకర్లు ఆ గరుకును దాచకుండా వినిపిస్తాయి. క్యాబ్ సిమ్యులేషన్ (గిటార్ స్పీకర్ వడపోతను అనుకరించడం) ఉన్న పెడల్ చివర్లో పెట్టండి. అదీ లేకపోతే మిక్సర్‌లో 5 కిలోహెర్ట్జ్ పైన బాగా కోయండి. పెడల్ లేకుండా గిటార్‌నే మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో పెట్టినా పొసగదు. ఆ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు అది చూపే అడ్డు) పదివేల ఓమ్‌లకు అటూ ఇటూ ఉంటుంది, పికప్‌కు కావలసింది సుమారు పది లక్షలు. మధ్యలో ఈ తేడాను సర్దే యాక్టివ్ డీఐ బాక్స్ ఉండాలి.

స్పీకర్ పై స్వరాలను ముందుకు సూటిగా మాత్రమే విసురుతుంది. యాంప్ నేల మీద, మీరు దాని పక్కనే నిలబడితే ట్రెబుల్ మోకాళ్లకు తగిలి పోతుంది. మీరేమో చాలలేదని ట్రెబుల్ పెంచుతారు, ఎదురుగా కూర్చున్నవాళ్ల చెవులు గీసుకుపోతాయి. యాంప్‌ను కుర్చీ మీదికి ఎత్తండి, లేదా వెనక్కి వాల్చి మీ తల వైపు తిప్పి అప్పుడు సెట్ చేయండి. మైక్ పెడితే కోన్ మధ్యనున్న గుండ్రటి టోపీ అంచు దగ్గర మొదలుపెట్టండి. అక్కడి నుంచి బయటికి రెండు సెంటీమీటర్లు జరిపితే మీ ట్రెబుల్ నాబ్ కంటే ఎక్కువ తేడా వస్తుంది.

వరసలో అన్నిటికంటే ముందున్న గెయిన్ నాబ్ గిటార్ మీదే ఉంది. యాంప్‌ను రిథమ్‌కు కాస్త ఎక్కువ గెయిన్‌లో ఉంచి గిటార్ వాల్యూమ్‌ను 6కు దించితే గరగర విడిపోయి దాదాపు క్లీన్ అవుతుంది, 10కి తెస్తే సోలో. పెడల్ తొక్కే పనే లేదు. చిక్కల్లా, వాల్యూమ్ తగ్గిస్తే ట్రెబుల్ కూడా పోతుంది. కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది. పాట్ తగ్గించినప్పుడు దాని రెసిస్టెన్స్, ఈ కెపాసిటెన్స్ కలిసి పై స్వరాలను మింగేస్తాయి. వాల్యూమ్ నిండుగా ఉన్నప్పుడు కూడా కేబుల్ పొడవు తన పని తాను చేస్తుంది: 4 హెన్రీల హంబకర్‌కు మూడు మీటర్ల కేబుల్‌తో 4 కిలోహెర్ట్జ్ దగ్గరున్న శిఖరం, ఆరు మీటర్లతో 3 కిలోహెర్ట్జ్‌కు దిగుతుంది. వాల్యూమ్ తగ్గించినప్పుడు పోయే ట్రెబుల్‌కు మందు ఉంది. 1000 పికోఫారడ్ కెపాసిటర్, 150 కిలో ఓమ్ రెసిస్టర్ సమాంతరంగా కలిపి, 500 కిలో ఓమ్ వాల్యూమ్ పాట్‌లో పికప్ వైరు వచ్చే కాలుకూ, మధ్య కాలుకూ మధ్య సోల్డర్ చేయించండి. తిప్పినప్పుడు మోత తగ్గే తీరు కొద్దిగా మారుతుంది. సన్నగా, గరుకుగా అనిపిస్తే కెపాసిటర్‌ను 680కి తగ్గించి చూడండి.