క్రోషా సూదికి చిక్కిన పగడపు దిబ్బ

మైపాడు, కొత్తపట్నం తీరాల్లో పగడపు దిబ్బలు ఉండవు. దిబ్బలు కట్టే పగడపు జీవుల ఒంట్లో సూక్ష్మమైన నాచు బతుకుతుంది. దానికి ఎండ తగలాలంటే నీళ్ళు తేటగా ఉండాలి. మన వైపు సముద్రంలో పెన్న, కృష్ణ లాంటి నదులు తెచ్చి పోసే ఒండ్రు ఎక్కువ. దిబ్బలు చూడాలంటే తమిళనాడు దిగువన ఉన్న మన్నార్ సింధుశాఖ దాకా పోవాలి. అయినా వాటి మడతల వెనకున్న లెక్క నెల్లూరు జిల్లా నేతగాళ్ళకు, ఇళ్ళల్లో లేసు అల్లే ఆడవాళ్ళకు ఇట్టే అందుతుంది.

పాటూరు మగ్గం మీద పడుగు పోగులు ఎన్నో ముందే లెక్క కట్టి ఉంటాయి. నేసేకొద్దీ చీర పొడవు పెరుగుతుంది, పన్నా మారదు. అందుకే బట్ట చదునుగా వస్తుంది. క్రోషాలో ఆ కట్టుబాటు లేదు. ఒక కుట్టులోంచి రెండు తీయొచ్చు, మూడూ తీయొచ్చు.

ఆరు కుట్లతో గుండ్రంగా మొదలుపెట్టి, ప్రతి వరసకూ ఆరు చొప్పున పెంచితే 6, 12, 18, 24 అవుతాయి. చదునైన బిళ్ళ వస్తుంది. అలాకాక ప్రతి కుట్టునూ రెండు చేస్తూ పోతే 6, 12, 24, 48. ఆరో వరసకు మొదటి పద్ధతిలో 36 కుట్లుంటే, రెండో పద్ధతిలో 192 ఉంటాయి! అన్ని కుట్లకు అక్కడ చోటు చాలదు. అంచు పరికిణీ కుచ్చుల్లా పైకీ కిందికీ మడతలు పడుతుంది. గణితంలో దీన్ని హైపర్‌బోలిక్ తలం అంటారు. కాగితంతో చేసిన నమూనాలు ఊరికే చిరిగిపోతుంటే, 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణిత శాస్త్రవేత్త డైనా టైమినా దీన్ని క్రోషాతో అల్లి చూపించారు. మన హైస్కూళ్ళలో రేఖాగణితం చెప్పేటప్పుడు పిల్లల చేత ఒక్కసారి ఇలా అల్లిస్తే ఎంత బాగుంటుందో!

మడతలు తిరిగిన పగడాలకు ఈ ఆకారం బతుకుతెరువు. కొంచెం చోటులోనే ఎక్కువ ఉపరితలం దొరుకుతుంది, ఎండకూ ఆహారానికీ అది అక్కరకొస్తుంది. ఆస్ట్రేలియాలో పుట్టిన అక్కచెల్లెళ్ళు మార్గరెట్, క్రిస్టీన్ వర్ట్‌హైమ్ 2005లో లాస్ ఏంజెలెస్‌లో ఊలుతో పగడపు దిబ్బ అల్లడం మొదలుపెట్టారు. లెక్క తప్పకుండా పెంచితే ఆకారం మరీ తీర్చిదిద్దినట్టు వచ్చింది. కుట్లు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వేశాక అచ్చం పగడంలా కుదిరింది. తర్వాత ఎన్నో దేశాల్లో వేలమంది ఈ అల్లికలో చేయి కలిపారు. రంగురంగుల దిబ్బల పక్కనే తెల్లటి దిబ్బ కూడా అల్లారు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఆ తెల్లదే. నీటి వేడి మామూలు వేసవి గరిష్ఠం కన్నా ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగి కొన్ని వారాలు నిలిస్తే చాలు, పగడం తనలోని నాచును బయటికి నెట్టేస్తుంది. రంగూ పోతుంది, తిండిలో పెద్ద వంతూ పోతుంది. అయితే తెల్లబడ్డ వెంటనే చచ్చిపోదు. వేడి త్వరగా తగ్గితే నాచు మళ్ళీ చేరుతుంది. కానీ దెబ్బతిన్న దిబ్బ పూర్తిగా కోలుకోవాలంటే ఏళ్ళు పడుతుంది, ఆ వ్యవధే ఇప్పుడు దొరకడం లేదు. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ 1998లో పెద్దఎత్తున తెల్లబడింది. తర్వాత 2002లో. ఆపైన 2016, 2017, 2020, 2022, 2024, 2025.